నోరున్న బండి: పాత పికప్ జ్ఞాపకాలు

పాత పికప్ కళ్ళకంటే ముందు చెవులకి గుర్తొస్తుంది. చలికి బిగుసుకుపోయిన పొద్దున్నే చోక్ నాబ్ బయటికి లాగి సెల్ఫ్ కొడితే, ఇంజిన్ రెండు సార్లు దగ్గి అందుకునేది. అందుకోగానే ముందు కవర్ లోపల గలగలమని చైన్ చప్పుడు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ నుంచి తిరుగుడు తీసుకుని, వాల్వులు తెరిచే కామ్ షాఫ్ట్‌ని తిప్పే చైన్ అది. రెండు సెకన్లు, మహా అయితే మూడు. ఆయిల్ ప్రెషర్ చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్‌కి చేరగానే ఆ గలగల ఆగి, ఇంజిన్ తన మామూలు పాటలో పడేది. రెండు సెకన్లు కాస్తా నాలుగయ్యాయంటే, నాలుగు ఆరయ్యాయంటే, బండి ఏదో చెబుతోందన్నమాట. చెవి ఒగ్గి విన్నవాళ్ళ దగ్గర ఆ బండ్లు ఏళ్ళ తరబడి తిరిగాయి. వినీ విననట్టు ఊరుకున్నచోట ఇంజిన్ దించక తప్పలేదు.

1968లో టయోటా మొదటి హైలక్స్ పికప్ వచ్చింది. ఒకటిన్నర లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు గేర్లు, స్టీరింగ్ పక్కనే గేర్ రాడ్డు. 1972లో డాట్సన్ 620, ఇసుజు ఫాస్టర్, 1978లో మిత్సుబిషి ఎల్200. పేర్లు వేరు, ఎముకల గూడు ఒకటే: నిచ్చెనలాంటి చాసిస్, వెనక కమాన్ కట్టలు (ఇనప పట్టాల స్ప్రింగులు), గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు గూడు) దాకా తిరుగుడు మోసుకెళ్ళే పొడుగాటి జాయింట్ షాఫ్ట్, ఆ పైన ఎంత వేసినా కాదనని తొట్టి. వీటికి "చెడిపోని బండ్లు" అని పేరొచ్చింది గానీ ఆ మాట అంత సరైంది కాదు. అన్ని బండ్లలాగే ఇవీ చెడిపోయేవి. కాకపోతే చెడిపోయే ముందు చాలా రోజులు చెప్పేవి. ఒక్కో జబ్బుకి ఒక్కో గొంతు.

చైన్ సంగతే తీసుకుందాం. టయోటా 22ఆర్ ఇంజిన్, 2366 సీసీ, ఇనప బ్లాకు, అల్యూమినియం హెడ్. మొదట్లో దీనికి రెండు వరసల చైన్ ఉండేది. 1983 నుంచి ఒంటి వరస చైన్, దాన్ని దారి తప్పకుండా పట్టే ప్లాస్టిక్ గైడ్లు పెట్టారు. ఇంజిన్ మీద రాపిడి తగ్గింది, ఒక బలహీనతా వచ్చి చేరింది. సుమారు లక్షా ముప్పై వేల నుంచి రెండు లక్షల పైచిలుకు కిలోమీటర్ల మధ్య ఎప్పుడో చైన్ సాగుతుంది. టెన్షనర్ దాన్ని లాగి పట్టగలిగినంత పడుతుంది, ఆ తర్వాత దాని చేతిలో ఏమీ ఉండదు. వదులైన చైన్ ప్లాస్టిక్ గైడ్‌ని కొట్టి కొట్టి విరిచేస్తుంది. గైడ్ పోయాక ఇక తగిలేది నేరుగా అల్యూమినియం కవర్‌కే. రంపంతో కోసినట్టు గాడి పడుతూ పడుతూ, వాటర్ పంపు వెనక ఉండే నీళ్ళ దారిదాకా చీలుస్తుంది. అప్పుడు రేడియేటర్ నీళ్ళు ఆయిల్లోకి దిగుతాయి. బయట ఎక్కడా చుక్క కారదు, నీళ్ళు మాత్రం తగ్గుతుంటాయి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటుంది. చాలామంది హెడ్ గాస్కెట్ పోయిందనుకుని హెడ్ ఊడదీసేది ఇక్కడే. జబ్బు ఒకచోట, వైద్యం ఇంకోచోట.

నిజం తేల్చుకోవడం తేలిక. పైనున్న వాల్వు కవర్ తీసి, టార్చి వేసి చైన్ పక్కగా కిందికి చూడాలి. నిలువుగా రెండు గైడ్లు కనబడాలి. ఒకటే కనబడితే రెండోది ముక్కలై సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెంలో, ఉందని అర్థం. ఆ ముక్కల్ని అక్కడే వదిలేస్తే ఆయిల్ స్ట్రెయినర్‌కి అడ్డం పడతాయి, కనుక సంపు దించి ఏరి తీయాల్సిందే. కొత్తగా వేసేటప్పుడు చైన్ ఒక్కటీ మార్చి ఊరుకోకూడదు. చైన్, అది ఎక్కి తిరిగే పళ్ళ చక్రాలు (స్ప్రాకెట్లు) రెండూ, టెన్షనర్, స్టీల్ వెన్ను ఉన్న గైడ్లు, క్రాంక్ ముందు సీలు, కవర్ గాస్కెట్లు అన్నీ ఒక్కసారే. అరిగిన స్ప్రాకెట్ పళ్ళు కొత్త చైన్‌ని త్వరగా తినేస్తాయి.

ఈ పనిలో ఒక బోల్టు ఉంది. చైన్ కవర్‌ని హెడ్‌కి పట్టి ఉంచేది, హెడ్ ముందు భాగంలో, డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పే గేరు కింద, నిలిచిన ఆయిల్లో మునిగి ఉంటుంది. కంటికి ఆనదు. అన్ని బోల్టులూ తీశామనుకుని కవర్‌నో, హెడ్‌నో గునపం పెట్టి ఎత్తితే కవర్ చెవి విరుగుతుంది, లేదా హెడ్ గాస్కెట్ చిరుగుతుంది. ముందు ఆ గుంటలో ఆయిల్ సిరంజితో లాగేసి, గుడ్డతో తుడిచి, వేలుపెట్టి తడిమితే బోల్టు తల తగులుతుంది. పాత మెకానిక్‌లకి ఆ బోల్టు ఇంటి చిరునామా అంత బాగా తెలుసు. కొత్తగా చెయ్యి పెట్టేవాళ్ళందరూ దాని దగ్గరే ఆగుతారు.

అదే ఇంజిన్‌లో ఇంకో చప్పుడు, వాల్వుల్ని నొక్కి తెరిచే టాపెట్లది. టిక్కుటిక్కుమని కుట్టుమిషన్‌లా. పక్కన కూర్చున్నవాళ్ళకి చిరాకు, నడిపేవాళ్ళకి ధైర్యం. ఎందుకంటే భయపడాల్సింది టాపెట్లు మోగినప్పుడు కాదు. వాల్వు తన సీటులోకి కొద్దికొద్దిగా దిగబడేకొద్దీ పైన వాల్వుకీ టాపెట్‌కీ మధ్య సందు తగ్గుతూ వస్తుంది. సందు తగ్గితే చప్పుడూ తగ్గుతుంది. సందు పూర్తిగా పోయిన రోజున వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని వదిలించుకునేది సీటుకి ఆనుకున్నప్పుడే. ఆనకపోతే అంచు కాలిపోతుంది. "ఇంజిన్ భలే మెత్తగా నడుస్తోంది" అని సంతోషించిన నెలల్లోనే ఒక సిలిండర్ చచ్చిపడేది. 22ఆర్‌కి ఇన్‌టేక్ సందు 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30 మి.మీ., ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు చూడాలి. ఒకటో సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి, ఇన్‌టేక్‌లో 1, 2, ఎగ్జాస్ట్‌లో 1, 3 సరిచేసి, క్రాంక్ ఒక పూర్తి చుట్టు తిప్పి, ఇన్‌టేక్‌లో 3, 4, ఎగ్జాస్ట్‌లో 2, 4 చేస్తే అయిపోతుంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు సందులో లాగుతుంటే వెన్నలో కత్తి దిగినట్టు ఉండాలి: పట్టు తెలియాలి, ఇరుక్కోకూడదు. లాక్ నట్ బిగించాక ఇంకోసారి చూడాలి, బిగింపుతోనే సందు మారిపోతుంది.

ఫోర్డ్ పెద్ద పికప్‌ల్లో 1965 నుంచి 1996 దాకా నడిచిన ఆరు సిలిండర్ల 4.9 లీటర్ల ఇంజిన్‌కి చైనూ లేదు, బెల్టూ లేదు. క్రాంక్ గేరు నేరుగా కామ్ గేరుని తిప్పుతుంది. ఏడు మెయిన్ బేరింగుల మీద కూర్చున్న క్రాంక్, నిదానంగా గుడగుడమంటూ నడిచే ఇంజిన్. దాని దీర్ఘాయువు గురించి ఇప్పటికీ గౌరవంగా మాట్లాడుకుంటారు. అందులోనూ ఒక పాఠం ఉంది. చప్పుడు తగ్గాలని మామూలు బండ్లలో కామ్ గేరుకి ఫైబర్ పళ్ళు పెట్టారు, బరువు పనులకి వెళ్ళే వాటిలో లోహపు గేరు ఉండేది. లోహపు గేరు సన్నగా ఊళ పెడుతుంది, పోదు. ఫైబర్ గేరు మౌనంగా ఉండి ఉండి, ముసలిదయ్యాక ఒకరోజు పళ్ళు రాల్చి బండిని ఉన్నచోటే నిలబెడుతుంది. ఇంజిన్ ఎలాగూ విప్పినప్పుడు లోహపు గేరు వేసుకుని ఆ ఊళని భరించడమే మంచిది.

బెల్టు ఇంకా మాట్లాడనిది. మిత్సుబిషి 4డీ56 డీజిల్, 2477 సీసీ, ఎల్200ని ఎన్నో ఏళ్ళు లాగిన ఇంజిన్. దీంట్లో రెండు బెల్టులు. పెద్దది కామ్‌నీ డీజిల్ పంపునీ తిప్పుతుంది. చిన్నది ఇంజిన్ వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌ది. చిన్నది కదా అని దాన్ని పట్టించుకోరు. అది తెగితే దాని పీచు పోయి పెద్ద బెల్టులో చుట్టుకుంటుంది, టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి. అప్పుడు రాకర్ ఆర్మ్‌లు విరిగి దెబ్బ తాము తీసుకుంటాయి, చాలాసార్లు పిస్టన్లు బతికిపోతాయి. 90 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య రెండు బెల్టులూ, వాటి టెన్షనర్లూ, కామ్, క్రాంక్ ముందు సీళ్ళూ కలిపి మార్చాలి. సీళ్ళు ఎందుకంటే, ఆయిల్ తడిసిన రబ్బరు గడువుదాకా బతకదు. బిగించాక సెల్ఫ్ కొట్టకుండా క్రాంక్‌ని పానాతో, తిరగాల్సిన వైపే, రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులన్నీ మళ్ళీ కలిశాయో లేదో చూసుకోవాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకూడదు. తక్కువ తిరిగే బండికైనా అయిదారేళ్ళకి మార్చడమే నయం. బెల్టుకి కిలోమీటర్లతో పాటు వయసూ లెక్కే.

డీజిల్ బండ్ల మాట వచ్చింది కనుక పొగ గురించి. అది చప్పుడు లేని మాటే అయినా స్పష్టమైన మాట. పొద్దున్నే తెల్ల పొగ, ఇంజిన్ కుంటుతూ నడిచి నిమిషంలో సర్దుకుంటే, చల్లటి ఇంజిన్‌ని లోపల వేడిచేసే హీటర్ ప్లగ్ ఒకటో రెండో పోయాయి. ప్లగ్ తలమీది తీగ ఊడదీసి ఓమ్ మీటర్ పెడితే మంచి ప్లగ్ ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తుంది, పోయినది ఏమీ చూపించదు. నీలం పొగ ఆయిల్ తాగుతోందని. బరువు లాగేటప్పుడు నల్ల పొగ అంటే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ డీజిల్‌ని సిలిండర్‌లోకి సన్నగా చిమ్మాల్సింది పోయి ధార కడుతోంది. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి, పంపు మీద చెయ్యి వేసేది ఆ తర్వాతే. పంపు సీలు తెంచి స్క్రూ తిప్పేసిన బండ్లలో చాలావాటి అసలు జబ్బు మట్టి పట్టిన ఫిల్టరే.

నాజిల్ ఏది చెడిందో కనుక్కునే పద్ధతి ఆ రోజుల్లో ఎంత సుళువో. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో నాజిల్ పైపు నట్ కొంచెం వదులు చేయాలి. బాగున్న సిలిండర్ అయితే ఇంజిన్ వెంటనే కుంటుతుంది. ఏ నట్ వదిలితే నడకలో తేడా రాదో, లేదా టంగుటంగుమనే దెబ్బ ఆగిపోతుందో, నేరం దానిది. ఇది పాత మెకానికల్ పంపు బండ్లకే. ఆ నాజిళ్ళు వంద, నూటయాభై బార్ల ఒత్తిడి దగ్గర తెరుచుకునేవి. అప్పుడు కూడా ధారకి చెయ్యి అడ్డం పెట్టకూడదు. అన్ని ఇంజెక్టర్లకీ ఒకే ఉమ్మడి పైపు నుంచి డీజిల్ అందించే కామన్ రైల్ బండ్లలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటగలదు, నడుస్తున్న ఇంజిన్‌లో నట్ వదిలితే డీజిల్ చర్మాన్ని కోసి లోపలికి దూరుతుంది. అది ప్రాణం మీదికి వచ్చే గాయం. పాత అలవాటుని కొత్త బండి మీద ప్రయోగించకండి.

క్లచ్ అయితే చప్పుడు ఎప్పుడొస్తుందో చూస్తే చాలు, గేర్‌బాక్స్ దించకుండానే జబ్బు పేరు చెప్పేయొచ్చు. న్యూట్రల్‌లో పెడల్ వదిలి ఉన్నప్పుడు గుర్రుమని, నొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. పెడల్ నొక్కినప్పుడు కీచుమని మొదలై, వదిలితే ఆగితే రిలీజ్ బేరింగ్. గేరులో వేసి పెడల్ పూర్తిగా నొక్కి నిలబడ్డప్పుడు మాత్రమే కిచకిచమంటే ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్. ఎలాగూ గేర్‌బాక్స్ దించాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ నాలుగూ మార్చి, క్రాంక్ వెనక సీలు చెమరుస్తోందేమో చూడాలి. కొత్త ప్లేటు మీద ఆయిల్ చుక్క పడితే పని మళ్ళీ మొదటికే.

గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్ దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. వెనక హౌసింగ్‌కి జీఎల్-5 రకం గేర్ ఆయిల్, 80డబ్ల్యూ-90 చిక్కదనంది కావాలి, క్రౌన్ పినియన్ పళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి. మిగిలిన డబ్బా గేర్‌బాక్స్‌లో వంపేస్తారు. జీఎల్-5లో ఉండే గంధకం, భాస్వరం మందు పాతకాలపు గేర్‌బాక్సుల్లో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకి పడదు. కొన్నాళ్ళకి రెండో గేరు వేసేటప్పుడు గర్రుమంటుంది. గేర్‌బాక్స్‌కి కంపెనీ జీఎల్-4 అని రాస్తే జీఎల్-4 పోయాలి. ఇంకొకటి: పాత ఆయిల్ వదిలే ముందు పై ప్లగ్, అంటే ఆయిల్ పోసే ప్లగ్, తిరుగుతుందో లేదో చూసుకోవాలి. కింది ప్లగ్ తీసి ఆయిలంతా వదిలేశాక పైది తుప్పుపట్టి బిగుసుకుపోయిందని తెలిస్తే ఖాళీ హౌసింగ్‌తో బండి కదలదు.

ఇక జాయింట్ షాఫ్ట్. పికప్ ఒంట్లో అతి నిజాయితీగా మాట్లాడేది ఇదే. ముందుకీ వెనక్కీ గేరు మార్చినప్పుడు నడుం కింద టంగుమంటే, షాఫ్ట్‌ని వంగనిచ్చే కీలు, అంటే క్రాస్, అరిగింది. వేగం పెరిగేకొద్దీ సీటు కింద వణుకు వస్తే షాఫ్ట్ బ్యాలెన్సు, లేదా క్రాస్ బిగుసుకుంది. బరువుతో కదిలేటప్పుడు మాత్రమే దడదడలాడి, తర్వాత ఏమీ ఎరగనట్టు ఊరుకుంటే రెండు ముక్కల షాఫ్ట్ మధ్యలో ఉండే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగింది.

క్రాస్‌కి గ్రీజు కొట్టడం చూస్తే దాని ఆరోగ్యమంతా అక్కడే తెలుస్తుంది. నిప్పల్ తుడిచి గ్రీజు గన్ పెట్టి మెల్లగా నొక్కుతుంటే ముందు ఒక కప్పు అంచు నుంచి పాత గ్రీజు నల్లగా వస్తుంది, తర్వాత ఎదుటి కప్పు నుంచి, తర్వాత మిగిలిన రెంటి నుంచి. నల్లది పోయి కొత్త గ్రీజు రంగు నాలుగు కప్పుల దగ్గరా కనబడేదాకా నొక్కాలి. మూడు కప్పులే కక్కి నాలుగోది పొడిగా ఉందంటే ఆ కప్పులో సూది రోలర్లు ఎండిపోతున్నాయి. కప్పు చుట్టూ పసుపు కుంకుమ కలిపినట్టు ఎర్రటి పొడి ఉంటే ఇక గ్రీజుతో లాభం లేదు, రోలర్లు తుప్పై బయటికొస్తున్న పొడి అది. మార్చేటప్పుడు విప్పకముందే ఫ్లాంజ్‌ల మీద, జారే స్ప్లైన్ మీద సుద్దతోనో ఉలితోనో గుర్తు పెట్టుకోవాలి. షాఫ్ట్ రెండు చివరల యోక్‌లు (క్రాస్‌ని పట్టే చీలిన తలలు) ఒకే వరసలో ఉంటేనే ఒక క్రాస్ పుట్టించే ఎగుడుదిగుడు వేగాన్ని రెండోది సరిచేస్తుంది. ఒక్క పన్ను పక్కకి ఎక్కించినా కొత్త క్రాసులతో కూడా బండి వణుకుతుంది, ఆ వణుక్కి కారణం వెతుక్కుంటూ టైర్లు, రిమ్ములు అన్నీ మార్చేస్తారు. అయిదు వేల కిలోమీటర్లకోసారి గ్రీజు, నీళ్ళలో దిగి వచ్చిన ప్రతిసారీ గ్రీజు. ఇంత చిన్న పనికి ఇంత ఆయువిచ్చే భాగం బండిలో ఇంకోటి లేదు.

కమాన్లు కిర్రుకిర్రుమనేవి. ఆ కిర్రు మామూలుదే, పట్టాల మధ్య పొడి రాపిడి. భయపడాల్సింది ఠప్పుమని ఒకే ఒక్క చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి కాస్త పక్కకి నడవడం మొదలుపెట్టినప్పుడు. సెంటర్ బోల్టు తెగింది. కట్టని హౌసింగ్ మీద సరైన చోట నిలిపేది ఆ బోల్టు తలే. కానీ తెగడానికి కారణం బోల్టులో ఉండదు, కమాన్‌ని హౌసింగ్‌కి కట్టి పట్టే యూ బోల్టులు వదులవడంలో ఉంటుంది. యూ బోల్టులు గట్టిగా పట్టి ఉన్నంతకాలం సెంటర్ బోల్టు మీద బరువే పడదు. అందుకే కమాన్ పని చేయించిన ప్రతిసారీ కొత్త యూ బోల్టులే వేయాలి, ఒకసారి సాగిన మర మళ్ళీ అంతే బిగువు ఇవ్వదు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక బండిని నేలమీదే ఉంచి నాలుగు నట్లూ కోణాకోణీ మళ్ళీ బిగించాలి. ఈ రెండో బిగింపు మానేసినవాళ్ళే ఎక్కువ.

బరువు ఎక్కువ మోయాలని ఒక పట్టా అదనంగా వేయించడం అప్పటినుంచీ ఉన్న ఆచారం. దానివల్ల కమాన్ వంగడం ఆగుతుంది, బరువు ఆగదు. ఆ బరువంతా చాసిస్‌కి, హౌసింగ్‌కి, హబ్ బేరింగులకి పోతుంది. ఇంకో చిక్కు బ్రేకుల్లో వస్తుంది. చాలా పికప్‌ల్లో వెనక హౌసింగ్ నుంచి చాసిస్ మీది ఒక వాల్వుకి సన్నని కడ్డీ ఉంటుంది. తొట్టిలో బరువు పడి వెనక భాగం దిగితే కడ్డీ కదిలి, వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. పట్టా వేసి బండిని పైకి లేపితే ఈ వాల్వు బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందనుకుంటుంది. నిండు బరువుతో ఉన్నా వెనక బ్రేకు సగమే పడుతుంది, ముందు ప్యాడ్లు కాలిపోతుంటాయి. పట్టా వేయించినప్పుడు ఆ కడ్డీ కొలత కూడా సరిచేయాలి. బురదకి ఆ కడ్డీ బుష్ బిగుసుకుపోవడం మరీ మామూలు, చేత్తో కదిపి చూస్తే తెలిసిపోతుంది.

వెనక డ్రమ్ములో ఆయిల్ కనబడితే అందరూ సీలు మారుస్తారు. మూడు నెలలకి మళ్ళీ కారుతుంది. హౌసింగ్ పైన బొటనవేలంత బ్రీతర్ మూత ఉంటుంది, దాన్ని చూసేవాళ్ళు తక్కువ. అది బురదతో మూసుకుపోతే వేడెక్కిన లోపలి గాలికి దారి లేక సీలు పెదవిని తోసుకుని ఆయిల్‌తో సహా బయటికొస్తుంది. అదే వేడి హౌసింగ్ చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని సీళ్ళ గుండా నీళ్ళు పీలుస్తుంది, ఆయిల్ మజ్జిగ రంగుకి తిరుగుతుంది. బ్రీతర్ ఊడదీసి డీజిల్లో కడిగి ఊదితే అయిదు నిమిషాల పని. దానికో రబ్బరు పైపు తగిలించి చాసిస్ పైదాకా లాగితే ఇంకా మేలు.

ముందు హబ్బు బేరింగులు పోయేముందు హోరుమనేవి, మలుపు తిరిగితే ఒకవైపు హోరు పెరిగి, ఇంకోవైపు తిరిగితే తగ్గేది. బరువు ఏ చక్రం మీద పడినప్పుడు పెరుగుతుందో ఆ చక్రానిదే. కోన్ రోలర్ బేరింగుల్ని హబ్ తిప్పుతూ నట్ గట్టిగా బిగించి కూర్చోబెట్టి, పూర్తిగా వదిలి, మళ్ళీ మెత్తగా పట్టేంత బిగించి లాక్ చేయాలి. ఎక్కువ బిగిస్తే కాలుతుంది, వదులైతే కప్పు దెబ్బతింటుంది.

ఆ కాలపు పికప్‌లు చాలావాటికి మీటరులో అయిదే అంకెలు. 99,999 దాటితే సున్నాల దగ్గరికి వచ్చేది. అందుకే వయసు మీటరు చెప్పేది కాదు, పెడల్ రబ్బరు చెప్పేది. క్లచ్ పెడల్ మీద గీతలు ఒకవైపుకి అరిగి ఇనుము కనబడితే, సీటు అంచులో డ్రైవర్ ఎక్కి దిగేచోట స్పాంజి కూలిపోయి ఉంటే, ఆ మీటరుకి ముందు ఒకటో రెండో చేర్చుకుని లెక్కేసుకోవాలి. ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

తర్వాత వచ్చిన కామన్ రైల్ బండ్లకి బలం తక్కువని అనలేం. ఎక్కువ లాగుతాయి, తక్కువ తాగుతాయి, లోపల కూర్చుంటే గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. అయితే వాటి గొంతు బాగా తగ్గింది, అందుకే ఉన్న కాస్త చప్పుడునీ ఇంకా శ్రద్ధగా వినాలి. 2004లో వచ్చిన హైలక్స్ తరంలో మూడు లీటర్ల 1కేడీ డీజిల్ సంగతి చూడండి. ఇంజెక్టర్ కూర్చునే చోట అడుగున చిన్న రాగి వాషర్ ఉంటుంది. అది పట్టు వదిలితే మండిన వాయువు పైకి తన్ని ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మాడి, తారులా చిక్కబడి, సంపులో స్ట్రెయినర్ జల్లెడకి పట్టేస్తుంది. ఆయిల్ పైకి ఎక్కక ఒకరోజు బేరింగ్ పట్టేస్తుంది. ముందుగా వచ్చే గుర్తు, చల్లటి ఇంజిన్ మీద ఫుస్ ఫుస్‌మని సన్నని బుస. ఆయిల్ మూత లోపలివైపు మాడిన గట్టి నల్ల పొర కూడా అదే చెబుతుంది. అలాంటప్పుడు వాషర్లు మార్చడంతో ఆగకుండా సంపు దించి జల్లెడ చూడాలి. ఇలాంటి ఇంజిన్‌కి ఆయిల్ అయిదు వేల కిలోమీటర్లకి మార్చడం దుబారా కాదు.

ఇన్ని మాట్లాడే బండిలో అన్నిటికంటే మౌనంగా ఉండేది చాసిస్. తుప్పు టంగుమనదు, కీచుమనదు, పొగ రాదు, దీపం వెలగదు. ఇంజిన్ బాగుండి, గేర్‌బాక్స్ బాగుండి తుక్కుకి వెళ్ళిన పికప్‌లు లెక్కలేనన్ని ఉన్నాయంటే కారణం ఇదే. ఉప్పు చల్లిన రోడ్ల మీద, సముద్రపు గాలిలో తిరిగే బండ్లకి ఇది మరీ త్వరగా వస్తుంది. ఒకవైపు తెరిచి ఉన్న సీ ఆకారపు కడ్డీ కొంత నయం, తడి ఆరుతుంది. నాలుగువైపులా మూసిన పెట్టె ఆకారపు కడ్డీలో చేరిన మట్టి నెలలు తడిగానే ఉంటుంది, లోపలి నుంచి తింటుంది. బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. ఎక్కువగా పోయేచోట్లు ఇవి: వెనక హౌసింగ్ మీదుగా చాసిస్ పైకి వంగే వంపు, కమాన్ ముందు బ్రాకెట్ చుట్టూ, కమాన్ వెనక కొసని పట్టే షాకిల్ తగిలే చోటు, స్టెపినీ మోసే అడ్డ కడ్డీ, డీజిల్ ట్యాంకు పట్టీలు. చాసిస్ వెంట పోయే బ్రేకు పైపు క్లిప్పుల కింద కూడా చూడాలి, క్లిప్పు దాచిన చోటే పైపు పలచబడుతుంది.

మాట్లాడదు కనుక అడగాలి. అడగడానికి అరకిలో సుత్తి చాలు. బ్రాకెట్ దగ్గర మొదలుపెట్టి బెత్తెడు దూరానికో దెబ్బ చొప్పున వరసగా కొట్టుకుంటూ పోవాలి, పైనా, పక్కనా, ముఖ్యంగా అడుగునా. మంచి ఇనుము ఖంగుమంటుంది, సుత్తి ఎగిరి చేతిలోకి వస్తుంది. తిన్న ఇనుము దబ్బుమంటుంది, సుత్తి అక్కడే అతుక్కున్నట్టు ఆగుతుంది, పెచ్చులు రాలతాయి. స్క్రూడ్రైవర్ మొన గట్టిగా పొడిస్తే దిగిపోయే చోటు మీద రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేయించడం దండగ. మంచి లోహం తగిలేదాకా కోసి, చివరలు వాలుగా కోసిన పలకతో అతకాలి. పైనా కిందా ఉండే అంచుల మీద అడ్డంగా వెల్డింగ్ గీత వేయకూడదు, మళ్ళీ విరిగేది సరిగ్గా ఆ గీత దగ్గరే. చీలిక అయితే దాని కొసన ముందు చిన్న రంధ్రం వేసి ఆపి, ఆ తర్వాతే వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు ఊడదీయడం మరవకూడదు. పైన తారు దట్టంగా పూయడం కంటే లోపలికి పాకే మైనపు నూనె చిమ్మడం మేలు. తారు పగిలిన చోట తడి దానికిందే దాక్కుంటుంది.

ఒక్క జాగ్రత్త. మట్టి కూరుకున్న కడ్డీ బాగున్నా దబ్బుమనే అంటుంది. కనుక తీర్పు చెప్పేముందు అడుగునున్న నీళ్ళ రంధ్రాల్లో గట్టి తీగ దూర్చి కెలకాలి. ముందు ఏమీ రాదు. ఇంకాస్త కెలికితే పెళ్ళలు కదిలి, ఏళ్ళనాటి మట్టి పొడిపొడిగా ధార కడుతుంది. పైపుతో నీళ్ళు ఒకవైపు నుంచి వదిలి రెండోవైపు తేటగా వచ్చేదాకా కడిగి, రెండు రోజులు ఎండలో ఆరనిచ్చి, అప్పుడు అదే చోట మళ్ళీ సుత్తి వేసి వినాలి.